పులుసు గిన్నె కళాయి

ఆదిలక్ష్మీ,

ఈ రోజు నీ సంవత్సరీకం. నీ ఇత్తడి గిన్నెలోనే పులుసు కాస్తానని అమ్మాయి పట్టుబట్టింది. లోపలి కళాయి పూత అక్కడక్కడా పోయిందని, పొద్దున్నే లింగియాడీహ్ బస్తీలో కళాయి వేసే అతని దగ్గరకు పట్టుకెళ్లాను. అతను తెల్లగుడ్డతో గిన్నె అడుగు రుద్ది, నల్లబడిన గుడ్డ నాకు చూపించాడు.

"ఇది తగరం కాదు బాబూజీ, సగం సీసమే. ఎవరు వేశారు?"

కళాయి వేయించకుండానే గిన్నె తీసుకున్నాను. అప్పట్లో మన రైల్వే క్వార్టర్ల వీధిలోకి వచ్చిన కళాయివాణ్ని పిలిచి, దగ్గరుండి వేయించింది నేనే. తగరం రాయి మన బస్తర్‌లోనే దొరుకుతుందని, తగరం చింతపండు పులుపును తట్టుకుంటుందని, సీసమైతే అందులో కరిగి ఒంట్లో చేరుతుందని పుస్తకాలు చదివి నీకు చెప్పినవాణ్ని. ఆ రోజు మెరుపు చూసి తగరమే అనుకున్నాను.

ఇంటికొచ్చి గిన్నె అటక మీద పెట్టేశాను.

"ఏటి నాన్నా, అమ్మ గిన్నె నాకియ్యవా?"

"చిల్లు పడిందమ్మా."

నిన్ను తీసుకుపోయిన ఆ కడుపునొప్పి ఎందుకొచ్చిందో ఏ డాక్టరూ తేల్చలేదు. దీనివల్ల కాదని నువ్వొక్కసారి అంటే చాలు. డ్యూటీ రోజుల్లో నేను క్యాంటీన్‌లో తినేవాణ్ని. ఇంట్లో ఉన్న రోజున నువ్వు నొప్పితో కంచం తోసేస్తే, "ఇంకొక్క ముద్ద" అని బతిమాలి, ఆ పులుసన్నం నా చేత్తోనే పెట్టేవాణ్ని.