జమీలా అక్కకు రిబ్బను కార్డు

జూన్ 1, 1984, శుక్రవారం. అబ్బాసియా.

రంజాన్ నెల మొదలైంది. పక్క వాటాలోని జమీలా అక్కతో మాటలు లేక మూడు నెలలు. నేను తిరిగిచ్చిన ప్రెజర్ కుక్కర్‌కు రబ్బరు లేదని ఆమె, ఆమె ఇచ్చినప్పుడే లేదని నేను. ఇద్దరం రాయచోటి వాళ్లమే. కువైట్‌లో నాకున్న తోడు ఆమె ఒక్కతే. పండుగకు నేనే ఒక మెట్టు దిగుతాను. కొట్లో కొన్న కార్డుకు ఆమె కరగదు. సొంతంగా చేస్తాను. గులాబి రంగు అట్ట, ఎర్ర శాటిన్ రిబ్బను, మధ్యలో సీతాకోకచిలుకలాంటి ముడి. దర్జీ భార్యను. నాకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది?

జూన్ 3

మా ఆయన అన్వర్ బాషా తన దర్జీ షాపు నుంచి రిబ్బను చుట్ట తెచ్చాడు.

"ఒక్క కార్డుకు ఇంత ఎందుకు మే?"

ఒక్కదానితో ఊరుకుంటానా? అమ్మకు, అత్తకు, ఇద్దరు వదినలకు కూడా చేసి పోస్టులో పంపిస్తాను.

జూన్ 5, సాయంత్రం

మైదాతో జిగురు కాచి వంటింట్లో చల్లార్చాను. ఉపవాసం విడిచే వేళ ఆయన ఖర్జూరం నోట్లో వేసుకుని, ఆ గిన్నె ఎత్తి సగం తాగేశాడు.

"గంజిలో ఉప్పు మరిచినావు."

నిజం చెప్పలేదు. ఉప్పు వేసి ఇచ్చాను. మిగతాదీ తాగాడు.

జూన్ 8

మళ్లీ జిగురు కాచాను. ముడి సీతాకోకచిలుకలా రాలేదు. చెవులు వేలాడేసిన మేకలా వచ్చింది. విప్పి కట్టి, విప్పి కట్టి, అంచులు పీచు లేచాయి. కొవ్వొత్తి సెగ చూపిస్తే పీచు అణుగుతుందట. అణిగింది. కార్డు సగం కాలింది. తప్పు నాది కాదు, ఫ్యానుది.

జూన్ 12

ఉపవాసంతో సన్న పని చేయకూడదు. కళ్లు లాగుతాయి. పైగా ఇప్పుడు పంపినా ఊరికి పండుగలోపు చేరవు. అమ్మను, అత్తను, వదినలను వదిలేశాను. మనసు తేలికైంది.

జూన్ 17

రిబ్బను చుట్ట కనబడలేదు. నమాజు నుంచి వచ్చిన ఆయన లాల్చీ కింద ఎర్రగా ఏదో వేలాడుతోంది.

"పైజమాకు బొందు లేకపాయ. ఏం చేసేది?"

నేను పాడుచేసినది పోను, ఆయన కట్టుకున్నది పోను, మిగిలింది జానెడు.

జూన్ 26

అల్లం కోసం బజారుకు వెళ్లాను. అల్లంతో పాటు ఒక కార్డు కూడా సంచిలో పడింది. నెలవంక, మసీదు, తెల్ల పావురం. కుడి మూలన కంపెనీ పేరు అచ్చయి ఉంది. దాని మీద జానెడు రిబ్బను అడ్డంగా అంటించాను. చేతిపనే. అంటించింది నేనేగా.

పండుగ రోజు

సేమ్యా గిన్నె, కార్డు పట్టుకుని వెళ్లాను. కొట్టకముందే తలుపు తెరుచుకుంది. గడపలో జమీలా అక్క. ఆమె చేతిలోనూ కార్డు. నా దగ్గరికే బయల్దేరిందట.

"నా చేత్తో చేసినా, ఖైరున్నా," అంది.

"నేనూ నా చేత్తోనే చేసినా అక్కా."

ఇచ్చిపుచ్చుకున్నాం. నెలవంక, మసీదు, తెల్ల పావురం. రెండింటి మీదా అవే. ఆమెది ఆకుపచ్చ రిబ్బను, అదీ కుడి మూలనే. అక్క నా రిబ్బనును మెల్లగా గోటితో లేపింది. నేను ఆమెది లేపాను. ఒకే కంపెనీ.

"పావురాన్ని బాగా గీసినావు మే," అంది అక్క.

"నీ పావురమూ అట్లనే ఉండాది. ఒక తల్లి పిల్లలు."

అక్క నవ్వు ఆపుకోలేక గడపలోనే కూలబడింది. నేనూ పక్కన కూర్చున్నాను. నాలుగు నెలల మాటలు అక్కడే మాట్లాడుకున్నాం. సేమ్యా చల్లారి గడ్డకట్టింది. అయినా ఒకే గిన్నెలో తిన్నాం.

జూలై 2

బక్రీదుకు ఇద్దరం కలిసి చేస్తాం. అట్ట అక్కది, రిబ్బను నాది. ఈసారి కొట్టు ముఖం చూడకూడదని చేతిలో చెయ్యి వేసుకుని ఒట్టు పెట్టుకున్నాం.

అక్క అడిగింది. "ఒకవేళ పోవాల్సొస్తే?"

"కలిసే పోదాం అక్కా. వేరే వేరే బొమ్మలు చూసి కొనచ్చు."