యాడీ అంటే

పులివెందుల

అమ్మా,

నీ పెద్దకూతురు రాస్తున్న ఉత్తరం ఇది. చెల్లి హాసినితో చదివించుకో. మధ్యలో అది నవ్విందా, నెత్తిన ఒకటి మొట్టు. ఫోనులో చెప్పలేకపోయాను. నా గదిని ఆనుకునే ఇంటామె వేదవతమ్మ వంటిల్లు. నేను సుగాలి పిల్లనని ఆమెకు తెలియదు. అందుకే నువ్వు మన మాటలో ఏదైనా అడుగుతుంటే, నేను తెలుగులో "ఆఁ, సరేలేమ్మా" అని తుంచేస్తున్నాను. నువ్వు చూడ్డానికి వస్తానన్నప్పుడల్లా నాకు డ్యూటీ పడిందీ అందుకే.

తొండూరు పక్క తండాలో సీతాబాయి అని తొలిచూలు పిల్ల ఉంది. ఏఎన్ఎంగా నేనూ, ఆశా వర్కరు మాబున్నక్కా ఆమెను నెలనెలా వెళ్లి చూసేవాళ్లం. ఓసారి నా కాలిలో ముల్లు దిగి కుంటుకుంటూ తిరిగొచ్చినా మానలేదు. "ఇంట్లో కనొద్దు, ఆసుపత్రికి రా, పక్కన నేనుంటా" అని ఆమెను ఒప్పించింది నేనే. తెలుగులోనే ఒప్పించాను. నొప్పులొచ్చిన రోజు, తోడుగా ఒక్కరినే లోపలికి పంపుతామన్నారు. నేను వెళ్లాను. పేరు రాయించే పని మీద మాబున్నక్కా లోపలే ఉంది. వాళ్లమ్మ గేటు బయట నిలబడిపోయింది.

నొప్పులు ముదిరేకొద్దీ ఆ పిల్ల "యాడీ! యాడీ!" అని అరవసాగింది. అమ్మను పిలుస్తోంది. ఆ గదిలో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

నర్సు గోవిందమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "యాడికేంది పాపా? బస్సేమన్నా ఎక్కుతాండావా? యాడికీ లేదు, ఈడనే కనల్ల!" అంది.

"నొప్పులకు దోవ తప్పినట్టుండాదిలేక్కా," అంది మాబున్నక్క, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. అందరూ నవ్వారు.

అమ్మా, నేనూ నవ్వాను.

వాళ్లమ్మను పిలుస్తోందని ఒక్క మాట అంటే చాలు. నీకెట్లా తెలుసు అంటారేమోనని నోరు మూసుకున్నాను. ఆ పిల్ల నా వైపు చూసి, అరవడం మానేసింది.

ఆడపిల్ల పుట్టింది. ఆలస్యంగా ఏడ్చింది. బరువు తక్కువని గాజుపెట్టెలో పెట్టారు. తల్లిపాలు పిండి చెంచాతో పట్టాలి. సీతాబాయి గోడవైపు తిరిగి పడుకుంది. పాలు పిండమన్నా పిండదు, పలకదు. గోవిందమ్మ "మొండిది" అంటోంది. మొండితనం కాదని నాకు తెలుసు. పాలు పడకపోతే ఆ పసిదానికి ఏమవుతుందో కూడా తెలుసు. తెలిసీ ఈ గదికొచ్చి తలుపేసుకున్నాను. జమ్మలమడుగులో ఏదో ల్యాబులో ఉద్యోగం ఉందట. తండాలకు తిరిగే పని ఉండదు. వెళ్లిపోతాను.

నీ భార్గవి

పులివెందుల

యాడీ,

ఇట్లా మొదలుపెట్టినందుకు హాసిని నోరు తెరిచే ఉంటుంది. మూసుకోమను. మన మాటకు అక్షరాలు లేవు కదా, తెలుగు అక్షరాల్లోనే రాశాను. బాగానే ఇమిడింది.

మొదటి ఉత్తరం పోస్టు చేశాక, నీకు చెప్పగలిగింది అక్కడ చెప్పలేనా అనిపించి నేరుగా ఆసుపత్రి గేటు దగ్గరికి వెళ్లాను. సీతాబాయి వాళ్లమ్మ అక్కడే ఉంది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంటే వాచ్‌మన్ నబీ రసూల్ అడ్డం వచ్చాడు. "ఒక్కరేనని చెప్తినే!" అన్నాడు. "ఆ ఒక్కరూ ఈమే మామా. నేను డ్యూటీలో ఉండా," అన్నాను.

గోవిందమ్మ ముందరే, సీతాబాయితో మన మాటలో చెప్పాను. మీ అమ్మ వచ్చింది, లే, గిన్నె నేను పట్టుకుంటాను, బిడ్డకు నీ పాలు కావాలి అని.

"ఓసినీ! ఈ మాట యాడ నేర్చుకుంటివే?" అంది గోవిందమ్మ.

"మా అమ్మ దగ్గర," అన్నాను.

సీతాబాయి మాత్రం ఆశ్చర్యపోలేదు. మన మాటలోనే మెల్లగా అంది: "నాకు తెలుసులే అక్కా. మా వాకిట్లో ముల్లు దిగినప్పుడు నువ్వు యాడీ అనే అరిచినావు. నువ్వు దాచుకున్నావు కదాని నేనూ ఎవరికీ చెప్పలేదు. ఆ పొద్దు నిన్ను చూసే అరిచినా. మా అమ్మను పిలుస్తావని."

తిట్టి ఉంటే ఓర్చుకునేదాన్ని. నా గుట్టు ఆమె కడుపులో పెట్టుకుని కాపాడింది. నేను ఆమె కేకను నవ్వులో కలిపేశాను. గిన్నె పట్టుకున్నాను. పాలు అందులో పడ్డాయి. బిడ్డ మింగింది. నేను మాత్రం ఆమె కళ్లలోకి ఇంకా చూడలేకపోతున్నాను. జమ్మలమడుగు వెళ్లను. ఆ తండాకే వెళ్తాను, చూడగలిగేదాకా.

వేదవతమ్మకు కూడా చెప్పేశాను. "ఓహో" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. కాఫీ ఇస్తుందో, గది ఖాళీ చెయ్యమంటుందో తెలియదు. ఏమైనా సరే, ఆదివారం నువ్వు రా. బస్టాండులో నిన్ను అందరూ వినేటట్టు అరిచి పిలుస్తాను. ఎవరైనా "యాడికి?" అని నవ్వితే నవ్వనీ.

ఈసారి నేను నవ్వను.

నీ భార్గవి