బీరువాలో ఉన్న అంతోనివారిని విడుదల చేయుట గురించి

తునికిమెట్ట ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ గారి సముఖమునకు,

తునికిమెట్ట గ్రామ కాపురస్తుడు, పిండిగిర్నీ యజమాని, పునీత అంతోనివారి గుడి పెద్దల్లో ఒకడు అయిన తాళ్లూరి జస్టిన్, తండ్రి లేటు రాయప్ప, వ్రాసుకున్న అర్జీ.

విషయం: తమ చెక్‌పోస్టులో జప్తు చేసి, తమ ఆఫీసు బీరువాలో నాటు తుపాకీ పక్కన ఉంచిన పునీత అంతోనివారి ఎముకను (ఆయనదే అని అనుకున్న ఎముకను) నవంబరు రెండో తేదీ సమాధుల పండుగలోగా ఇప్పించుట గురించి.

అయ్యా,

తమరు పని ఒత్తిడిలో ఉంటారని ఎరుగుదును. అయినను ఈ అర్జీని మధ్యలో ఆపకుండా చదవవలసిందిగా ప్రార్థన. మధ్యలో ఆపితే నేను ఎముకల వ్యాపారిలాగా కనబడతాను. చివరిదాకా చదివితే అంతగా కనబడను.

1. మా కతోలికుల్లో ఒక ఆచారం ఉన్నది. పునీతులని పేరుపొందిన పుణ్యాత్ముల ఎముక ముక్కనో, వారు కట్టిన బట్టపేలికనో గాజుమూత డబ్బాలో పెట్టి గుడిలో భద్రపరచుకుంటారు. దానిని పవిత్ర అవశేషం అంటారు. ఇక అంతోనివారు పోయినవాటిని వెతికిపెట్టే పునీతుడు. తాళంచెవి పోయినా, ఎద్దు పోయినా మేము ఆయనకే చెప్పుకుంటాం. మా అమ్మ సవరమ్మ చెప్పుకునేది వేరే ఉన్నది. మా నాన్న రాయప్ప నా చిన్నతనంలో బోరుబండి మీద పనికి పోయి, ఛత్తీస్‌గఢ్ అవతల ఎక్కడో చనిపోయాడు. వెంట ఉన్నవాళ్లు అక్కడే పూడ్చి వచ్చారు. ఏ ఊళ్లో, ఏ చెట్టు కింద అంటే ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పారు. అప్పటి నుంచి ప్రతి మంగళవారం అమ్మ గుడిలో మోకరించి, "ఆయన్ని యాడ పెట్టిండ్రో జర చూపియ్యి, అంతోనయ్యా" అని అడుగుతూనే ఉన్నది. మా గుడిలోని స్వరూపం ప్లాస్టరుది. దాని ద్వారా మాట చేరడం లేదేమో, అసలు ఎముకే ఉంటే దగ్గరవుతుందేమో అని నాకు తోచినది. నా తెలివి అంతవరకే పనిచేసినదని మనవి.

2. సదరు ఎముకను ఫోనులో కొన్నాను. మా ఊళ్లో సిగ్నలు గిర్నీ రేకుల మీదికి ఎక్కితేనే అందుతుంది కనుక రేకుల మీద కూర్చుని కొన్నాను. నేను గుడ్డిగా కొనలేదు. ముందు కొన్నవాళ్ల అభిప్రాయాలు చదివాను. ఒకాయన "పునీతుడు బాగున్నాడు, ప్యాకింగు బాగాలేదు" అని రాశాడు. ఎర్ర లక్క ముద్ర ఉన్నది, లాటిను భాషలో ధ్రువపత్రం ఉన్నది. ఆ లాటిను నాకు రాదు కనుక నమ్మాను. ఒకే పునీతుడి కుడిచేతి చూపుడువేలు ముగ్గురు అమ్మకందార్ల దగ్గర స్టాకులో ఉండడం చూసి కొంత అనుమానం వచ్చిన మాట వాస్తవమే. అయితే ఆయన అద్భుతాలు చేసినవాడు గదా అని సర్దుకున్నాను.

3. ఇంకొక ముఖ్యమైన సంగతి. అమ్మకందారు షరతుల్లో ఇలా ఉన్నది: "ధర డబ్బాకు మాత్రమే. లోపలి ఎముక ఉచితం." సబ్బుపొడి కొంటే బకెట్టు ఇచ్చినట్టు అనుకున్నాను. తమరు దీనిని గుర్తుంచుకోవలెను. మళ్లీ అవసరం పడుతుంది.

4. పార్సిలు జూలూరుపాడు మీదుగా వస్తుండగా తమ చెక్‌పోస్టులో బీట్ ఆఫీసరు వీరబాబు గారు ఆపారు. పైన కట్టిన చీటీలో ఎముక అని ఉన్నందున విప్పారు. నన్ను పిలిపించారు. మా ఇద్దరి మధ్య జరిగిన సంభాషణ యథాతథంగా:

"ఏందయ్యా ఇది, పులిదా? పొలుసుల అలుగుదా?"

"కాదు సార్, అంతోనివారిది."

"ఆయన ఏడుంటడు?"

"చనిపోయిండు సార్."

"ఎప్పుడు?"

"ఎనిమిది వందల ఏండ్లు కావొస్తంది."

"మరి పోస్టుమార్టం రిపోర్టు ఏది?"

నా వద్ద లేదని ఒప్పుకున్నాను. వెంటనే పంచనామా చేసి "బియ్యపు గింజంత ఎముక వంటి పదార్థం, జంతువుదిగా అనుమానం" అని రాశారు. మా తిరుసభ, అనగా కతోలిక సంఘం, గొప్పగా ఎంచే పునీతుడిని అలా రాయడం బాధ కలిగించినా, సంతకం పెట్టాను. ఇది జూన్ నెలలో జరిగినది. పదమూడో తేదీన ఆయన పండుగ. మేము ఊరేగింపు చేసి, పాయసం పంచి, పటాకులు కాలుస్తుండగా పండుగ ఎవరిదో ఆయన మాత్రం తమ బీరువాలో నెమలీకలకూ, పంది ఉచ్చులకూ, నాటు తుపాకీకీ నడుమ ఉన్నారు.

5. వీరబాబు గారు దయామయులు. నన్ను తిట్టలేదు. "ల్యాబుకు పంపుతం జస్టిన్. జంతువుదైతే కేసు మాది, మనిషిదైతే కేసు పోలీసోళ్లది. రెండిట్ల నువ్వే ఉంటవు" అని ధైర్యం చెప్పారు.

నేను మా విచారణ గురువు చిన్నప్ప ఫాదర్ గారి దగ్గరకు వెళ్లి మొర పెట్టుకున్నాను. ఆయన అన్నం ముందు కూర్చుని ఉన్నారు. నా మాట విని చెయ్యి కడుక్కున్నారు. పునీతుల అవశేషాలు అమ్మడం తిరుసభ చట్టంలో గట్టిగా నిషేధించారని, డబ్బాకు ధర కట్టి ఎముకను ఉచితం అనడం దేవుడి కళ్లలో కారం కొట్టడమేనని అన్నారు. "నేను దొంగల చేతిలోంచి విడిపించాననుకోవచ్చు గదా ఫాదర్" అని అడిగాను. "నువ్వు ఒకటి విడిపిస్తే వాడు ఇంకొకటి తయారు చేస్తాడు. జస్టిన్, అది నిజమైనదైతే కొనడం తప్పు. దొంగదైతే మొక్కడం తప్పు" అన్నారు. అయ్యా, తమ శాఖ ప్రకారం రెండు వైపులా కేసు, మా శాఖ ప్రకారం రెండు వైపులా పాపం. ఇంత చిన్న ఎముకతో ఇంత గట్టిగా ఇరుక్కున్నవాడు జిల్లాలో ఇంకొకడు ఉండడని నా అభిప్రాయం.

6. ఈ లోపల తమ ఆఫీసులో జరిగినవి తమ దృష్టికి తేవడం నా విధి. తమరు ఎక్కువగా టూర్లలో ఉంటారు. కొత్తగూడెం మీటింగుల వల్ల కొన్ని తెలిసి ఉండకపోవచ్చు. అడవి అంచున ఉండే భీమక్క, తునికాకు ఏరే ఆమె, మేక తప్పిపోయిందని చిరుతపులి మీద ఫిర్యాదు ఇవ్వడానికి తమ ఆఫీసుకు వచ్చినది. బీరువాలో ఉన్నది ఎవరో వాచరును అడిగి తెలుసుకుని, "నువ్వు ఎవరి దేవుడివో నాకు తెల్వదు. నా మేకను చూపిస్తే కోడిని ఇస్త" అని చెప్పి పోయినది. ఇంటికి పోయేసరికి మేక దొడ్లో ఉన్నది. మాట తప్పని మనిషి కనుక కోడిని తెచ్చి బీరువా ముందు వదిలినది. ఆ కోడి ఇప్పుడు వీరబాబు గారి కుర్చీ కింద గుడ్లు పెడుతోంది. దానిని పంచనామాలో చేర్చలేదు. అప్పటి నుంచి మంగళవారం నాడు తమ వరండాలో ఏన్కూరు దాకా ఉన్న ఊళ్ల వాళ్లు కూర్చుంటున్నారు. వీరబాబు గారి బైకు తాళం కూడా దొరికినది. దీనివల్ల ఎముక అసలైనదని రుజువైనట్టు నేను వాదించడం లేదు. మేకలు వాటంతట అవే ఇంటికి వస్తాయి. తాళం ఆయన ప్యాంటు జేబులోనే ఉన్నది. మా గుడికి రావలసిన కొవ్వొత్తులు మాత్రం తమ శాఖకు పోతున్నాయని, ప్రస్తుతానికి అది ఫిర్యాదు కాదని మనవి.

7. పోయిన వారం మా అమ్మ తనను తమ ఆఫీసుకు తీసుకుపొమ్మన్నది. బండి మీద తీసుకువచ్చాను. తమరు లేరు. వీరబాబు గారు బీరువా తెరిచి డబ్బాను ఆమె చేతిలో పెట్టారు. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసినది.

"గింతేనా?" అన్నది. తర్వాత, "ఇది అంతోనయ్యదేనా, బిడ్డా?"

"తెల్వదమ్మా."

"ఆయనది కాకపోతే ఎవరిది?"

"అదీ తెల్వదు."

"ఎవరో ఒకరిదైతే అయితది గద. ఆ పిల్లగాన్ని గన్న తల్లి ఉంటది గద. పేరు లేకుంట, మట్టి లేకుంట, ఊర్లు పట్టుకొని తిరుగుతున్నడు. మీ నాయన లెక్కనే." అని కొంగుతో గాజుమూత తుడిచినది. "మనింటికి తీస్కపోదాం. మట్టిల పెడదాం."

ఆపైన వీరబాబు గారి వైపు తిరిగి, "సారూ, తుపాకి పక్కన ఎందుకు పెట్టినవ్, భయపడడా?" అన్నది. ఆయన తుపాకీని కింది అరలోకి మార్చారు. అందుకు వారికి నా కృతజ్ఞతలు. ఈ అంశంలో అర్జీ భాష నిలబడలేదు, మన్నించగలరు.

నవంబరు రెండున మా వాళ్లందరూ సమాధులు కడిగి, సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఫాదర్ ఒక్కో సమాధి దగ్గర ఆగి తీర్థం చల్లుతారు. మా అమ్మకు ఆగే చోటు లేదు. కొవ్వొత్తులు నడుమనున్న శిలువ దగ్గర వెలిగించి, పక్కవాళ్ల సమాధులు కడగడానికి నీళ్లు మోస్తుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఆ బిందె మోసే చేతులను చూడలేకే నేను రేకుల మీదికెక్కి ఆ పనికిమాలిన పని చేశాను. ఫాదర్ గారికి అమ్మ మాట చెప్పాను. ఆయన "మొక్కొద్దు, అమ్మొద్దు, ఎవరికీ చూపించొద్దు. పూడ్చు. చనిపోయినవాళ్లను పూడ్చడంలో తప్పు లేదు. నేను వచ్చి ప్రార్థన చెప్తాను" అన్నారు.

కావున తమరు దయతలచి,

అ) అమ్మకందారు షరతుల ప్రకారం నేను కొన్నది డబ్బాను మాత్రమే కనుక, జప్తు చేయవలసినది డబ్బానే. దానిని, లక్క ముద్రను, లాటిను కాగితాన్ని తమ శాఖ శాశ్వతంగా ఉంచుకోవచ్చును. ఎముకను నేను కొనలేదు. అది నా దగ్గరకు వచ్చినది. దానిని ఇప్పించగలరు.

ఆ) ల్యాబుకు పంపడం తప్పదు అంటే చిటికెడు పొడి మాత్రమే పంపించగలరు. పూడ్చడానికి కొంచెం మిగలాలి.

ఇ) పోలీసువారు పిలిస్తే వచ్చి ఆ అమ్మకందారు సంగతి అంతా చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. పునీతుల పేరు చెప్పి ఎవరెవరి ఎముకలు అమ్ముతున్నాడో వాడినే అడగవలసి ఉన్నది.

ఈ) కోడి విషయం భీమక్క, వీరబాబు గార్లు తేల్చుకోగలరు.

మా అమ్మ ఇంకొక ఏడాది బిందె మోయకుండా తమరు చూడగలరని నమ్మి ఈ కాగితం పెట్టుకుంటున్నాను. చిత్తగించవలెను.

ఇట్లు,
ఎముక చేతికి వచ్చినా రాకున్నా
తమ విధేయుడు,
తాళ్లూరి జస్టిన్

తా.క.: ల్యాబు వారు అది కోతిదనో మేకదనో రాసి పంపితే, ఆ కాగితం నా చేతికి మాత్రమే ఇవ్వండి సారూ. అమ్మ ముందు చదవకండి. గుంట తీయడం అయిపోయింది. తలాపున పెట్టే పలక మీద పేరు కూడా అమ్మ చెక్కించేసింది. అంతోని అని కాదు, రాయప్ప అని.