పిన్ని మడమ కణాలు

మార్చి 3
నూట పదకొండో మాలిక్యూల్ కూడా ఫెయిల్. రెండు ప్రోటీన్లు ఒకదానికొకటి అతుక్కుంటేనే ఈ స్కిన్ క్యాన్సర్ కణం పెరుగుతుంది. వాటి మధ్య దూరి విడదీసే మందు తయారు చేయడం నా పని. నాలుగేళ్ళుగా ఇదే పని. ఆ అతుకు చోటంతా బల్లపరుపు. నా మందు పట్టు చిక్కించుకోవడానికి చిన్న గుంటైనా లేదు. డైరెక్టర్ నెలాఖరు దాకా చూస్తానన్నాడు. ఆ తర్వాత ప్రాజెక్టుకు మంగళం పాడేస్తాడు.

మార్చి 4
పిన్ని ఫోన్ చేసింది. మడమ మీది క్యాన్సర్ గడ్డ తీసేసి ఏడాదైంది. ఈసారి స్కాన్ కూడా క్లీన్ అట. ఆ గడ్డలో ముక్కను మా ల్యాబ్‌కే ఇచ్చింది. ఇప్పుడు నా డిష్‌లలో పెరుగుతున్నవి ఆ కణాలే. ఉన్న మందులు వేటికీ లొంగని మొండిఘటాలు. అచ్చం నీలాగే అన్నాను. పొంగిపోయింది.

మార్చి 11
ప్రోటీన్ కుదురుగా కూర్చోదు, కదులుతుంది. కంప్యూటర్ సిమ్యులేషన్‌లో చూస్తే ఒక మూల రెప్పపాటు గుంటలా తెరుచుకుంటోంది. నాలుగేళ్ళూ ఫోటో చూస్తూ కూర్చున్నాను. వీడియో చూడాలని తట్టలేదు. నా మొహం.

మార్చి 19
112 తయారు. తెల్లటి పొడి, చిటికెడు.

మార్చి 24, ఉదయం 10
కణాల సెక్షన్ చూసే ఆయన్ని మేం మౌనిబాబా అంటాం. రోజుకు నాలుగు మాటలంటే ఎక్కువ. అలాంటివాడు గ్లవ్స్‌తోనే పరుగెత్తుకొచ్చాడు. "విడిపోయాయండీ" అన్నాడు. పిన్ని కణాల్లో ప్రోటీన్లు విడిపోయాయి, కణాలు పెరగడం ఆపేశాయి. పక్క డిష్‌లో మామూలు చర్మకణాలు నిక్షేపంలా ఉన్నాయి. మళ్ళీ చేసి చూడమన్నాను. అప్పటికే మూడుసార్లు చేశాడట.

మధ్యాహ్నం 1
డైరెక్టర్ గ్రాఫు చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఇంకో రెండేళ్ళు ఇచ్చాడు. బాత్రూంలో గడియ పెట్టుకుని కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని, రెండు ప్లేట్ల అన్నం తిన్నాను.

మార్చి 26
పిన్నిని ల్యాబ్‌కి తీసుకొచ్చాను. ఇది మందుగా బయటికి రావడానికి పదేళ్ళు పట్టొచ్చు, అసలు రాకపోనూవచ్చు అని ముందే చెప్పాను. విన్నదో లేదో. మైక్రోస్కోప్‌లోంచి కన్ను తీయకుండా, "ఇవి అప్పుడు నా కాలు పట్టుకుని వదల్లేదు. ఇప్పుడు మా అమ్మాయి కాళ్ళు పట్టుకుంటున్నాయి" అంది. మౌనిబాబా పగలబడి నవ్వాడు.

మార్చి 27
113 గీయడానికి కాగితం తీశాను. ఇందాకటి నుంచి ఈల వేస్తున్నానని పక్క టేబుల్ అమ్మాయి అంది. నాకు ఈల వేయడం రాదు.