ఒకటి, రెండు, అప్పుడు వదులు

థేమ్స్,
మంగళవారం

నా మొండి మర్డోకి,

అలిగి వచ్చేశానని ఇక్కడ థేమ్స్‌లో మా అక్క ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. అనుకోనీ. ఎదురుగా ఏం చెప్పబోయినా సగంలో అడ్డొస్తావు, అందుకే కాగితం మీద చెప్తున్నాను. ముందు ఆ రంపం కింద పెట్టు.

రెండు శీతాకాలాలు షెడ్డులో కూర్చుని నీ చేతులతో చేసిన కటమరాన్ పడవ అది. మలుపుల్లో ఆగిపోతోందని, ఆదివారం పందెంలోపే దాని రెండు దోనెల అడుగులూ కోసి వంపు తెస్తానంటున్నావు. ఆ అడుగులు తిన్నగా ఉండబట్టే అది అంత జోరుగా పరుగెత్తుతుంది. అలాంటిది తేలిగ్గా తిరగదని మనకు మొదటి రోజే తెలుసు. బరువైన పడవైతే గాలి తప్పినా ఆ ఊపులోనే మలుపు దాటేస్తుంది. మనది తేలిక, గాలికి ఎదురయ్యేసరికి నిలబడిపోతుంది. నువ్వేమో చుక్కానిని ఒక్కసారిగా తిప్పి ఉన్న కాస్త వేగమూ చంపుతావు. అప్పుడు పడవ ముక్కును అవతలికి తోసేది నేను తాడు వదలకుండా బిగించి పట్టుకున్న ముందు తెరచాపే.

అసలు సంగతి ఇది. పదకొండేళ్లుగా నువ్వు "వదులు" అని అరిచినప్పుడు నేను ఒక్కసారీ వదల్లేదు. మనసులో ఒకటి, రెండు అనుకుని, ముక్కు తిరిగాకే తాడు వదిలాను. కప్పులు నువ్వు అందుకున్నా నాకు బాధ లేదు. కానీ పోయిన నెల క్లబ్బులో అందరి ముందూ "నైరీ చేతులు మొద్దుబారాయి, తాడు ఆలస్యంగా వదులుతోంది" అన్నావు. అది గుండెలో గుచ్చుకుంది. ఆ రోజు నుంచి నువ్వు అన్న క్షణానే వదులుతున్నాను. మూడు పందేలు పోయాయి. తప్పు పడవది కాదు, నీ మాట విన్న నాది.

ఇకమీదట వినని,
నీ నైరీ

టకపూనా,
గురువారం

నైరీ,

నీ ఉత్తరం చదివితే ముందు కోపమొచ్చింది. అబద్ధమని తేల్చాలని పక్క షెడ్డు కుర్రాడు తమాటికి చుక్కాని ఇచ్చి, నేను నీ చోట కూర్చున్నాను. "వదులు ముసలోడా, నిద్రపోతున్నావా?" అన్నాడు. వదిలాను, ఆగింది. మళ్లీ వదిలాను, ఈసారి ఆగడమే కాదు, వెనక్కి జారింది. మూడోసారి పళ్లు బిగబట్టి ఒకటి, రెండు అనుకున్నాను. చక్కగా తిరిగింది.

"చూశావా నా చుక్కాని పనితనం?" అన్నాడు తమాటి. అచ్చం నా గొంతే. సిగ్గేసింది.

రంపం మేకుకు తగిలించాను. శనివారం క్లబ్బులో, ఆ మాట అన్నచోటే నిలబడి నిజం చెప్తాను. ఆదివారం తొమ్మిదింటికి పడవ నీళ్లలో ఉంటుంది, వచ్చెయ్. "వదులు" అని మాత్రం అరుస్తాను, పాత అలవాటు పోదు. నువ్వు లెక్క ఆపకు.

నీ
మర్డో