నేను పెట్టని సాక్షి సంతకం

లచ్చక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇది నీకు చేరదని తెలిసే రాస్తున్నాను.

చెన్నూరులో ప్రార్థన అయ్యాక మా సంఘంలోని రాజవ్వ ఒంటరి మహిళ పింఛను కాగితం తెచ్చింది. భర్త వదిలేసిపోయాడని ఒక పెద్దమనిషి సాక్షి సంతకం చేయాలి. నువ్వూ అదే కాగితంతో వచ్చినప్పుడు నేను బైబిలు గ్రంథం ఎత్తిపట్టి కేకలేశాను.

"దేవుని ముంగట చేసుకున్న పెండ్లి సర్కారు కాగితంతోని తెంపుతవా? బావ వస్తడు, జర ఓపిక పట్టు!"

నువ్వు నవ్వావు. "వచ్చేదాక ఏం తినాల్నో గా పుస్తకంల రాసుందా తమ్మీ?"

మళ్లీ అడగలేదు. దగ్గుతూనే పత్తి ఏరడానికి పోయావు, చివరి వారం దాకా.

దిక్కులేనివాళ్లను చూడటానికే దేవుడు పాలకులకు అధికారమిచ్చాడని ప్రతి ఆదివారం గొంతు చించుకునేవాణ్ణి. ఆ సాయం నీ దాకా రాకుండా అడ్డం నిలబడ్డదీ నేనే.

రాజవ్వ భయపడుతూ అడిగింది: "గిది పాపమైతదా అయ్యగారూ?"

"కాదు తల్లీ. సంతకం పెట్టకపోవుడే పాపం. గా పాపం నేను చేసిన."

సంతకం పెట్టాను.

నీ పెట్టెలో దొరికిన కాగితం నా గ్రంథంలోనే ఉంది అక్కా. సాక్షి పేరు దగ్గర ఖాళీ. వాక్యం కోసం గ్రంథం తెరిస్తే ముందు ఆ కాగితం ఉన్న పేజీయే తెరుచుకుంటోంది.

నీ తమ్ముడు