ఎర్ర బటన్ మీద మిఠాయి మూత

నవంబర్ 3, సోమవారం

కాలేజీ మెషీన్ షాప్ ఇన్‌చార్జి నేనేనట. మెకానికల్ డిపార్ట్‌మెంట్‌లో ఆడమనిషిని నేనొక్కదాన్నే. లేత్ మెషీన్ల దగ్గర ఈ ప్రేమలత మేడమ్ ఎంతసేపు నిలబడుతుందో చూడాలని అందరికీ సరదాగా ఉంది. చూడండి. బిజినేపల్లి నుంచి వనపర్తికి రోజూ బస్సులో నిలబడే వస్తున్నాను.

లోపలికి వెళ్లగానే తిక్క రేగింది. సేఫ్టీ కళ్లద్దాలన్నీ గాజు బీరువాలో పెట్టి తాళం వేశారు. తనిఖీకి కమిటీ వచ్చినప్పుడు కొత్తగా కనిపించాలట. తలుపు పక్క ప్యానెల్ మీద ఎమర్జెన్సీ బటన్ ఉంది. నొక్కితే మెషీన్లన్నీ ఆగిపోవాలి. దాని మీద మిఠాయి డబ్బా మూత పెట్టి స్క్రూలు బిగించారు! టెక్నీషియన్ కురుమూర్తిని అడిగితే, పిల్లగాళ్లు ఊకె ఒత్తుతున్రు మేడమ్, పనంత ఆగిపోతుంది, గందుకే మూసిన అన్నాడు. నిజంగా అవసరం పడితే ఎలా అన్నాను. ఇప్పటిదాంక పడలే కద అన్నాడు.

నవంబర్ 5, బుధవారం

సెకండియర్ బ్యాచ్. ఆడపిల్లలందరూ చున్నీని రెండు భుజాల మీదా పిన్నులతో బిగించి, దాని మీద ఖాకీ ఏప్రన్ వేసుకుని వచ్చారు. కాలేజీ రూల్. చున్నీ లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. ఇనప ముక్కను పట్టుకుని గిర్రున తిరిగే చక్ ముందు చున్నీ ఏమిటి? తీసి బ్యాగుల్లో పెట్టుకోమన్నాను. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మొదట తీసింది సౌందర్య, మల్దకల్ పిల్ల. మెషీన్ అంటే ప్రాణం దానికి.

మధ్యాహ్నానికి పిలుపు వచ్చింది. హెచ్‌ఓడీ జగదీశ్ సార్ కూర్చోమని కూడా అనలేదు. మనల నమ్మి ఆడపిల్లల పంపుతున్రు మేడమ్, రేపు ఒక తండ్రొచ్చి అడిగితే నేనేం చెప్పాలె అన్నారు. పిన్నులు పెట్టుకుంటున్రు కద, చున్నీ ఏడికి పోతది అన్నారు.

పోతేనే మంచిది! పిన్ను ఉంటే చున్నీతో పాటు మనిషి కూడా పోతుంది. ఈ మాట నాకు బయటికొచ్చాక మెట్ల మీద తట్టింది. ఎప్పుడూ ఇంతే.

నవంబర్ 6

మళ్లీ చున్నీలు, మళ్లీ పిన్నులు. క్లాసంతా నేను కూర్చోలేదు.

నవంబర్ 10, సోమవారం

ఇవాళ ఒక పని చేశాను. ఉద్యోగం పోతుందేమో. ప్రొబేషన్‌లో ఉన్నదాన్ని, తీసేయాలనుకుంటే పెద్ద కారణం కూడా అక్కర్లేదు.

గోనె సంచిలో రంపపు పొట్టు నింపి స్టూలు మీద నిలబెట్టాను. దానికి నా పాత చున్నీ కప్పి, పిల్లలు పెట్టుకున్నట్టే పిన్నులు పెట్టాను. పిల్లలను దూరంగా నిలబెట్టి, లేత్ ఆన్ చేసి, చున్నీ కొసను పొడవాటి కర్రతో చక్ మీదికి తోశాను. మగపిల్లలు నవ్వుతున్నారు. ఆ నవ్వు పూర్తి కానేలేదు. సంచి ఎగిరి చక్‌కు కొట్టుకుని, చిరిగి, పొట్టంతా మా మీద పడింది. రెండో సంచికి పిన్నులు పెట్టలేదు. చున్నీ ఒక్కటే చుట్టుకుపోయింది, సంచి కదల్లేదు.

వనజ అనే పిల్ల ఏడ్చింది. సౌందర్య మాత్రం సంచి చిరిగిన చోట వేలు పెట్టి చూసింది. నేను చెప్పకుండానే తన పిన్నులు తీసేసింది.

సాయంత్రానికి మెమో. పిల్లలను భయపెట్టానట. మరి దేనికి చేశాననుకున్నారు? పద్దెనిమిదిన కమిటీ వస్తోందని, అందరూ ఫుల్ యూనిఫాంలో ఉండాలని, తేడా వస్తే నా ప్రొబేషన్ సంగతి చూడాల్సి వస్తదని సార్ అన్నారు.

నవంబర్ 15, శనివారం

షాపుకు రంగులు వేస్తున్నారు. బీరువా తెరిచి కళ్లద్దాలు తుడుస్తున్నారు. కురుమూర్తి మూత విప్పి, బటన్‌ను గుడ్డతో మెరిసేలా రుద్దాడు. కమిటీ పోయినంక మల్ల బిగిస్త, స్క్రూలు జేబులనే ఉన్నయ్ అన్నాడు.

నాకీ ఉద్యోగం వచ్చిందనే అమ్మానాన్నా పుణెలో కూలిపని మానుకుని ఊరికొచ్చారు. మళ్లీ ఆ పుణె బస్సు ఎక్కమని ఏ మొహంతో చెప్పను?

నవంబర్ 17

ఆడపిల్లలకు చెప్పాను. రేపు చున్నీలు వేసుకోండి, మెషీన్ మాత్రం ముట్టుకోవద్దు, పక్కన నిలబడితే చాలు అని. సౌందర్య తలూపింది. ఎదురు తిరిగి ఉంటే బాగుండేది.

నవంబర్ 18, మంగళవారం, సాయంత్రం 6

దవాఖాన నుంచి ఇప్పుడే వచ్చాను.

కమిటీలో పెద్దాయన, ఒక అమ్మాయి మెషీన్ నడిపి చూపిస్తే సంతోషం అన్నాడు, మర్యాదగానే. జగదీశ్ సార్ సౌందర్యను పిలిచారు. వద్దనడానికి నోరు తెరిచాను. సార్ చూసిన చూపుకు మూసుకున్నాను. మూసుకున్నాను!

అది చక్కగానే చేస్తోంది. సార్ కమిటీలో మిగతా ఇద్దరినీ ప్యానెల్ దగ్గరికి తీసుకెళ్లి ఎమర్జెన్సీ బటన్ గురించి చెబుతున్నారు. సౌందర్య టూల్ కొస చూడటానికి వంగింది. వెనక వేలాడే చున్నీ అంచు ముందుకు జారి చక్‌కు చుట్టుకుంది.

నేను అరిచాను. మెషీన్లన్నీ ఆగిపోయాయి.

సార్ వేలు అప్పటికే బటన్ మీద ఉంది. మామూలు రోజైతే ఆ వేలికి మూత తగిలేది. సౌందర్యను విడిపించి ఆటోలో ఎక్కిస్తున్నప్పుడు వెనక్కి చూశాను. ఆయన ఇంకా దాన్ని నొక్కిపట్టుకునే ఉన్నారు.

ఒక పిన్ను భుజాన్ని చీల్చుకుంటూ ఊడింది. రెండోది వంగింది కానీ ఊడలేదు. మెడ చుట్టూ కమిలిపోయింది. బతికింది. పిల్ల బతికింది.

నవంబర్ 19

దవాఖానకు వెళ్లాను. సౌందర్య వాళ్లమ్మ జములమ్మ మల్దకల్ నుంచి మొదటి బస్సుకే వచ్చింది. తిడుతుందనుకున్నాను. నేనే ఫోన్ల చెప్పిన మేడమ్, పెద్ద సార్లొస్తున్రు, పిన్నులు గట్టిగ పెట్టుకో బిడ్డా అని, అంది. తన చెంపలు తనే కొట్టుకుంది. చేతులు పట్టుకుని ఆపాను. తప్పు నీది కాదమ్మా, మాది అన్నాను.

సౌందర్యకు గొంతు సరిగా పెగలడం లేదు. మెషీన్‌కేమన్న అయిందా అని అడిగింది. కోపం వచ్చి ఏడ్చేశాను.

నవంబర్ 21, శుక్రవారం

జగదీశ్ సార్ షాపుకు వచ్చారు. పిల్ల అజాగ్రత్త వల్లే అయిందని మనిద్దరం పైకి రాసియ్యాల్నట అన్నారు. ఉద్యోగం తీసేసినా రాయనన్నాను. ఆయన ప్యానెల్ వైపు చూడకుండా నిలబడ్డారు. నేను గూడ రాయలే అన్నారు.

అప్పుడే కురుమూర్తి మూత, స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చాడు. సార్ మూత లాక్కుని నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

నవంబర్ 24, సోమవారం

మూతను తలుపు దగ్గర స్టూలు మీద పెట్టాను. ఆడపిల్లలు వస్తూ వస్తూ పిన్నులు అందులో వేశారు. అడుగున ఒకటి వంకరగా ఉంది. దవాఖాన నుంచి నేను తెచ్చింది.